రంగు కలవని గ్లాసు

మా వంటింటి గోడకి అవతలే నాన్న కొలిమి. ఆ గోడ నేను పుట్టినప్పటి నుంచీ వెచ్చగానే ఉంది, ఆగస్టులో మరమ్మతులకి ఆపే మూడు వారాలు తప్ప. చలికాలంలో అమ్మ తడి మేజోళ్ళు ఆ గోడకి కట్టిన తీగ మీదే ఆరేసేది, పొద్దున్నకల్లా కొయ్యముక్కల్లా బిగుసుకుపోయేవి, వాటిని తొడుక్కుని బడికి వెళ్ళేదాన్ని.

రెండు వేల ఇరవై ఒకటి అక్టోబరు పదహారున ఆ గోడ చల్లబడటం మొదలుపెట్టింది. ఒక్క రోజులో కాదు, నాలుగు రోజులు పట్టింది. గోడకి కూడా నమ్మబుద్ధి కాలేదేమో అనుకున్నాను.

గ్యాసు ధర ఆ నెలల్లో అయిదింతలయింది. వెనిస్ పక్కనున్న మా మురానో దీవిలో గాజు కొలిమి అంటే రాత్రీ పగలూ మండాల్సిందే, ఆపితే కరిగించే మూసల్లో గాజు గడ్డకట్టి మూసలే పగిలిపోతాయి, అందుకని ఎవరూ ఆపరు, ఫలానా వాళ్ళు ఆపేశారంటే ఆ ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందన్నట్టే గొంతు తగ్గించి చెప్పుకుంటారు. అయినా ఆ నెలలో మా కాలవ పొడుగునా ఒక్కొక్కరే ఆపుకుంటూ వచ్చారు. నాన్న చివర ఆపాడు. మా నాన్న పేరు ఎల్వియో, కానీ దీవిలో అందరికీ మేస్త్రీ. మూసలు ఖాళీ చేయించి, మంట తగ్గించి తగ్గించి ఆపి, తన దగ్గర పనిచేసే ముగ్గురినీ నిలబెట్టి, క్రిస్మస్ అయ్యాక వెలిగిద్దాం అన్నాడట. అంతే. ఇంటికొచ్చి మాతో ఆ మాట కూడా అనలేదు. వెలిగిస్తాడా, లేక ఇదే ఆఖరా, ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రశ్న అది, దాన్ని పైకి అడిగినవాళ్ళు మాత్రం లేరు.

నాకప్పుడు ఇరవై నాలుగు. మిలాన్‌లో నాలుగేళ్ళు చదివి అప్పుడే తిరిగొచ్చాను. ఏం చదివావని ఎవరైనా అడిగితే అమ్మే ముందు మాట మార్చేసేది, ఎందుకంటే నేను చదివింది భోజనాల బల్ల అలంకరణ. బల్ల మీద గ్లాసులు పెట్టడానికి కాలేజీ కావాలా, నేను ముప్ఫై ఏళ్ళు గ్లాసులు చేసి కూడా బల్ల మీద చేత్తోనే పెడుతున్నా కదా, అని దనీలో బాబాయ్ నవ్వేవాడు. బాబాయ్ అంటే చుట్టం కాదు, నాన్న కుడిచెయ్యి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నాన్న కుర్చీ పక్కన నిలబడి కరిగిన గాజు అందించిన మనిషి.

నవ్వితే నవ్వనీ, నాకు మాత్రం అది పిచ్చి. రంగు గాజంటే నాకెంత పిచ్చో చెప్పడం మొదలుపెడితే ఆపలేను, అయినా కొంచెం చెప్తాను, ఎందుకంటే జరిగిందంతా దానివల్లే జరిగింది. రంగు గ్లాసులకి కింద తెల్లటి గుడ్డ పరవకూడదు, తెలుపు మీద రంగులు అరుస్తాయి, చలవ చెయ్యని నార గుడ్డ పరిస్తే మాట్లాడతాయి. ఎర్ర వైన్‌ని ఆకుపచ్చ గ్లాసులో పోస్తే బురదనీళ్ళలా ఉంటుంది. గ్లాసు అందం గ్లాసులో కాదు, గ్లాసు నుంచి గుడ్డ మీద పడే రంగు మరకలో ఉంటుంది, అందుకని కిటికీ ఎటుందో చూసుకున్నాకే బల్ల తిప్పుకోవాలి. అన్నీ ఒకే రంగు పెడితే హోటలు. అన్నీ వేర్వేరు పెడితే సంత. రంగులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వెళ్ళాలి, ఎరుపు నుంచి తేనెరంగుకి, తేనెరంగు నుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చ నుంచి నీలానికి, మధ్యలో ఒక్కటి చెయ్యి వదిలినా బల్ల చెడిపోయినట్టే. ఇదంతా నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా.

కొలిమి ఆగిన వారానికి నాకో ఆలోచన వచ్చింది. మా కొలిముల్లో ఒక అలవాటుంది. పని అయ్యాక మూసల అడుగున మిగిలిన గాజుతో ఎవరి గ్లాసు వాళ్ళు ఊదుకుంటారు. అమ్మడానికి కాదు, తాగడానికి. పొద్దుగూకే వేళ పని దిగి చేతులు కడుక్కుని, ఆ గ్లాసుల్లో తలా కాస్త వైన్ పోసుకుని, గుమ్మం దగ్గర నిలబడి తాగి ఇళ్ళకి పోతారు. గ్లాసులు మాత్రం కొలిమిలోనే, తలుపు పక్క చెక్క అల్మరాలో ఉంటాయి. దనీలో బాబాయ్‌ది మాణిక్యం ఎరుపు. సానరాయి మీద గాజుకి మెరుగు పెట్టే వాండా అత్తది తేనెరంగు, అంచు పలచగా, ఆమె చేతికి తగ్గట్టు చిన్నది. రేంజో, ముగ్గురిలో కుర్రాడంటే అతనే, కుర్రాడంటే ముప్ఫై ఆరేళ్ళు, అతనిది ఆకుపచ్చ, నడుం దగ్గర కొంచెం ఒరిగింది, తాగినప్పుడు చేశానని తనే చెప్పుకుంటాడు. ఏ రెండూ ఒకలా ఉండవు. ఇలాంటి గ్లాసుల్ని వరసగా బల్ల మీద పెట్టి ఫోటో తీసి మిలాన్‌లో నాకు తెలిసిన పెద్ద దుకాణానికి పంపితే, ఇలాంటివే కావాలని వాళ్ళు అడిగితే, పెద్ద ఆర్డరొస్తే, నాన్న కొలిమి వెలిగించక తప్పదు కదా. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు సంతోషంతో.

మర్నాడు నాన్న వంటింట్లో నిలబడి ఉన్నాడు, అరచెయ్యి గోడకి ఆనించి. నేను రాగానే తీసేశాడు. నవంబరు ఇరవై ఒకటిన సలూతె మాత పండగ కదా, ఎప్పట్లాగే నీ మనుషుల్ని భోజనానికి పిలుద్దాం, ఈసారి బల్ల నేను సర్దుతాను అన్నాను. పిలువు, ఎక్కడో ఒకచోట తినాలి కదా అందరం, అన్నాడు.

"గ్లాసులు కూడా నేనే ఎంచుతాను నాన్నా."

"ఎంచు" అన్నాడు, కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ. వింటున్నాడనుకున్నాను.

పండగ రోజు పొద్దున్న పొగమంచు దట్టంగా ఉంది. నాన్నా, ఆ ముగ్గురూ కలిసి పడవెక్కి వెనిస్ వెళ్ళారు, గుళ్ళో కొవ్వొత్తి వెలిగించి మధ్యాహ్నానికి తిరిగి రావడానికి. ఏటా వెళ్తారు. ఆ ఏడు దేనికోసం వెలిగిస్తున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ రెండు రోజులుగా ఉప్పు గొర్రెమాంసం, క్యాబేజీ వేసి పండగ చారు కాస్తోంది, ఇల్లంతా ఆ వాసన. నేను మేకుకి వేలాడుతున్న కొలిమి తాళంచెవి తీసుకుని, వెదురు బుట్టలో దుప్పటి ముక్క వేసుకుని, కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి అటు వెళ్ళాను.

చల్లారిన కొలిమిని ఆగస్టులో చూశాను కానీ అప్పుడు కిటికీలు తీసి ఉంటాయి, సున్నం వేస్తుంటారు, రేడియో మోగుతుంటుంది. నవంబరులో అలా చూడటం అదే మొదలు. ఊదుగొట్టాలు వరసగా గోడకి నిలబెట్టి ఉన్నాయి. నాన్న కుర్చీ మీద మడతపెట్టిన తువ్వాలు. నేను పెద్దగా ఆగలేదు, వెలుగు పోకముందే ఫోటోలు తియ్యాలి కదా, నేరుగా అల్మరా తెరిచి గ్లాసులు ఒక్కొక్కటే బుట్టలో పెట్టుకున్నాను. ఎరుపు. తేనెరంగు. ఆకుపచ్చ.

నాలుగోది నాన్నది. చేతిలోకి తీసుకున్నాను. దాన్ని ఎన్నిసార్లు చూసుంటానో కానీ అలంకరణ కళ్ళతో చూడటం మాత్రం అప్పుడే. అది ఏ రంగో చెప్పడానికి లేదు. గోధుమరంగూ కాదు, ఆకుపచ్చా కాదు, వర్షం తర్వాత మా కాలవలో నీళ్ళ రంగు. మందంగా, మొద్దుగా ఉంది. ఎరుపు పక్కన పెట్టి చూశాను, ఎరుపు చచ్చిపోయింది. ఆకుపచ్చ పక్కన పెడితే ఆకుపచ్చ మురికిదైపోయింది. మేస్త్రీ అయ్యుండి తనకోసం ఇంత అందవికారంగా చేసుకున్నాడేంటి అని నవ్వుకున్నాను కూడా. దాన్ని మళ్ళీ అల్మరాలో పెట్టేసి తలుపేశాను.

నాన్నకి ఏం పెట్టాలో అప్పటికే అనుకున్నాను. మా ఇంట్లో అద్దాల బీరువాలో తాతగారి గ్లాసుంది, ముదురు నీలం, సాయంత్రం ఆకాశం లాంటి నీలం. తాతగారు కూడా మేస్త్రీయే. ఆ గ్లాసు నా ఎనిమిదో ఏట ఇంటికొచ్చింది, అప్పటి నుంచీ బీరువాలోనే ఉంది, అంత అందమైనది కాబట్టే బీరువాలో పెట్టారనుకునేదాన్ని. ఎరుపు, తేనె, ఆకుపచ్చ, నీలం. వరస పూర్తయింది. అమ్మకీ నాకూ రంగులేని మామూలు గ్లాసులు, రంగుల మధ్య కాస్త ఊపిరి తీసుకోవడానికి.

బల్ల కిటికీ వైపు తిప్పాను. నార గుడ్డ పరిచాను. మంచులోంచి వచ్చే వెలుగు రంగు గాజుకి ఎంత మంచిదో ఆ రోజే తెలిసింది, ఎండలా పొడవదు, మెత్తగా గ్లాసులోకి దిగి గుడ్డ మీద రంగు పరిచేసి ఊరుకుంటుంది. నలభై ఫోటోలు తీశాను. అక్కడికక్కడే మంచివి అయిదు ఏరి మిలాన్ దుకాణానికి పంపాను. అమ్మ చారు గిన్నె వదిలి రాలేదు, గుమ్మంలోంచి కూడా చూడలేదు. నేను నా జీవితంలో సర్దిన బల్లలన్నిట్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఇప్పటికీ లేదు.

పన్నెండున్నరకి వచ్చారు. ముందు రేంజో గొంతు వినపడింది, కొవ్వొత్తి వెలిగించే అమ్మాయిని పెళ్ళికి అడిగితే క్యూలో రమ్మందని ఏదో చెప్తున్నాడు, వాండా అత్త వాడి వీపు మీద కొడుతోంది. వంటింట్లోకి వస్తూనే రేంజో మాట మధ్యలో ఆపేశాడు. బల్ల చూసి ఆగిపోయాడని నేను పొంగిపోయాను. వాండా అత్త కూడా ఆగింది. దనీలో బాబాయ్ చివర వచ్చాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని బల్ల అంతా ఒకసారి చూశాడు, తర్వాత ఎర్ర గ్లాసున్న చోట కూర్చున్నాడు. ఎవరి గ్లాసు దగ్గర వాళ్ళు కూర్చున్నారు. నాన్న చేతులు కడుక్కుని వచ్చి నీలం గ్లాసు ముందు కూర్చున్నాక గానీ దాన్ని చూడలేదు.

అమ్మ చారు వడ్డించింది. వడ్డిస్తూ వడ్డిస్తూ దనీలో బాబాయ్ దగ్గర గరిటె ఆగింది, చారు చుక్కలు నార గుడ్డ మీద పడ్డాయి. నాకు గుడ్డ పాడవుతోందని బాధ. ఆ క్షణంలో నా బాధ అదే, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఇంటికొచ్చేశాయన్నమాట" అన్నాడు రేంజో.

రేంజో తన గ్లాసు ఒరిగిన నడుం మీద వేలితో రాస్తూ, "మేస్త్రీ గారికి మాత్రం పెద్దాయన గ్లాసు" అన్నాడు.

"రేంజో, చారు తాగు" అంది వాండా అత్త.

"తాగుతున్నా అత్తా. చూసింది చెప్పాను, అంతే కదా."

దనీలో బాబాయ్ చెంచా పట్టుకోలేదు. నాన్న వైపు చూసి, చాలా మామూలుగా, కత్తెర ఎక్కడ పెట్టావ్ అని అడిగినట్టు అడిగాడు.

"ఎల్వియో, నీది ఎక్కడుంది?"

నాన్న బల్ల చివరి నుంచి చివరి దాకా చూశాడు. ఎరుపు, తేనె, ఆకుపచ్చ, నీలం. తర్వాత నన్ను చూశాడు. నేను నవ్వుతూ ఉన్నాననుకుంటాను.

"అక్కడే ఉంది" అన్నాడు.

"అక్కడే ఉందా" అన్నాడు దనీలో బాబాయ్. "మంచిదే. ఒక్కటైనా ఉండాలి కదా అక్కడ" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది.

నాన్న కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. మేకు మీది తాళంచెవి తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని పక్క గదిలోకి లాక్కెళ్ళింది.

"ఎవరు తెమ్మన్నారే వాటిని?"

"ఎవరూ అన్లేదు, బల్ల కోసం తెచ్చాను."

"గ్లాసు ఇంటికి ఎప్పుడొస్తుందో తెలీదూ నీకు? మీ తాతది ఎప్పుడొచ్చింది?"

తాతగారి చేతులు వణకడం మొదలయ్యాక వచ్చింది. ఆయన ఇక కొలిమికి వెళ్ళరని తేలిన రోజు నాన్న దాన్ని జేబు రుమాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో చెప్పాడు కూడా. పని ముగిసిన మనిషి గ్లాసే కొలిమి గడప దాటుతుందని చెప్పాడట. పనుండగా ఎవరిదీ దాటదని. దాటింది మళ్ళీ వెనక్కి పోదని. చెప్పాడు, నేను వినలేదు. నేను నీలం చూస్తున్నాను.

అంటే పనిలోంచి తీసేస్తున్నామని ముగ్గురికీ నేనే చెప్పాను. నాన్న మాత్రం తండ్రి గ్లాసు ముందు పెట్టుకుని కొలిమిలో ఉండిపోతాడని కూడా చెప్పాను. రంగుల వరసలో, నార గుడ్డ మీద, వెలుగు సరిగ్గా చూసుకుని చెప్పాను.

నేను వాళ్ళకి నిజం చెప్దామని వంటింట్లోకి వెళ్ళాను. అప్పటికే గోడ అవతల తలుపు చప్పుడు వినపడింది. కొలిమి మండుతున్నంత కాలం అటు నుంచి మనిషి అలికిడి మాకెప్పుడూ వినపడేది కాదు, మంట హోరు దాన్ని మింగేసేది. ఇప్పుడు అన్నీ వినపడుతున్నాయి. నాన్న అడుగులు. అల్మరా తలుపు కిర్రుమనడం. తర్వాత ఏమీ లేదు. అయిదుగురం బల్ల చుట్టూ ఉండి ఆ ఏమీ లేకపోవడం విన్నాం. చాలాసేపు విన్నాం. దనీలో బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి కుర్చీ కిర్రుమంది, నాన్న తన పని కుర్చీలో కూర్చున్నట్టున్నాడు. మళ్ళీ లేచాడు. తాళం పడింది.

నేను చెప్పడం మొదలుపెట్టేలోపే నాన్న లోపలికి వచ్చాడు, జుట్టంతా మంచు తడి. నీలం గ్లాసు తీసి బీరువాలో దాని చోట దాన్ని పెట్టి అద్దం తలుపు మూశాడు. కోటు జేబులోంచి తన మొద్దు గ్లాసు తీసి, రుమాలుతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. ఎరుపు చచ్చిపోయింది, ఆకుపచ్చ మురికైపోయింది, నేను చెప్పినట్టే. సీసా తీసి ముందు దనీలో బాబాయ్‌కి పోశాడు, తర్వాత వాండా అత్తకి, రేంజోకి, చివర తనకి.

"చారు చల్లారిపోతోంది" అన్నాడు.

దనీలో బాబాయ్ గ్లాసు ఎత్తాడు. నాన్న ఎత్తాడు. మా కొలిమి మూసెయ్యడం అంతే, ఇంకెవరూ ఇంకేమీ అనలేదు. రేంజో మాత్రం కాసేపయ్యాక, క్షమించండి మేస్త్రీ అన్నాడు, నాన్న వాడికి ఇంకో ముక్క మాంసం వేశాడు.

వెళ్ళేటప్పుడు అమ్మ మూడు గ్లాసులూ కడిగి తుడిచి ఇచ్చింది. వాండా అత్త తలకి కట్టుకున్న రుమాలు విప్పి తనది చుట్టుకుంది. బల్ల బాగా సర్దావమ్మా, కళ్ళు నిండిపోయాయి, అంది నాతో. మెచ్చుకోలుగానే అంది, అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రాత్రే నాన్నకి చెప్పేస్తానన్నాను. అమ్మ ఆపింది. చెప్తే ఏమవుతుంది, వాళ్ళని వెనక్కి పిలిచి, అది ఫోటో కోసం తెచ్చిందట అని చెప్తాడా, ఆయన తన చేత్తో తెచ్చుకున్న గ్లాసు ఫోటో కోసం తెచ్చుకున్నాడా, అంది. పైగా ఎలాగూ మూసేవాడేనేమో, ఎవరికి తెలుసు, నోటితో చెప్పలేక చస్తున్నాడేమో, అంది. నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. ఎలాగూ మూసేవాడే. వారం రోజులు అదే అనుకుంటూ తిరిగాను.

వారం తర్వాత సరుకుల పడవ మా గట్టుకి ఆగింది. గడ్డిలో చుట్టిన రెండు కొత్త మూసలు దించారు. కొలిమి మళ్ళీ వెలిగించాలంటే ముందు కావాల్సింది అవే. నాన్న ఇంట్లో లేడు, చీటీ మీద నేనే సంతకం పెట్టాను. నాన్న అవి కావాలని చెప్పిన తేదీ దాని మీద రాసుంది, నవంబరు రెండు. పండగకి పంతొమ్మిది రోజుల ముందు. నాన్న వచ్చి వాటిని చూసి, గడ్డి కూడా విప్పకుండా తలుపు పక్కన నిలబెట్టాడు. అవి అక్కడే ఉన్నాయి.

మిలాన్ దుకాణం నుంచి కూడా జవాబొచ్చింది, డిసెంబరులో. రంగుల వరస చాలా బాగుంది, ముఖ్యంగా ఒక్క గ్లాసు కూడా మిగతావాటితో గొడవపడటం లేదు, వసంతంలో మాట్లాడదాం, అని. నేను దాన్ని తుడిచేశాను.

రేంజో ఇంకో కొలిమిలో చేరాడు, అది మండుతున్న రోజుల్లోనే పని. వాండా అత్త ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. దనీలో బాబాయ్ నీళ్ళకి అవతల మెస్త్రె ఊళ్ళో గోదాములో రాత్రి కాపలాకి కుదిరాడు, ఆదివారాలు వచ్చి నాన్నతో పేకాడతాడు, ఇద్దరూ కొలిమి మాట ఎత్తరు. ఎరుపు గ్లాసు వాళ్ళావిడ టీవీ మీద పెట్టిందట, వద్దన్నా వినట్లేదని చెప్పి నవ్వాడు.

జనవరి ఆఖర్లో గ్యాసుకి ప్రభుత్వం సాయం అందుతోందన్నారు. మా కాలవకి అవతలి ఒడ్డున రెండు కొలిములు వెలిగించారు. పొద్దున్న కిటికీ తీస్తే వాటి హోరు నీళ్ళ మీదుగా మా వంటింట్లోకి వచ్చేది. అలాంటి ఒక మధ్యాహ్నం నాన్నా నేనూ బల్ల దగ్గర కూర్చున్నాం. అమ్మ బజారుకెళ్ళింది. గోడ మీది తీగకి మేజోళ్ళు, మూడు రోజులైనా ఆరనివి. నాన్న నారింజ వలుస్తున్నాడు, తొక్క తెగకుండా ఒకే పొడుగున, చేతికి పని లేనప్పుడు అలా వలిచేవాడు.

"ఆ రోజు నువ్వు చేసింది నాకు అర్థమైంది" అన్నాడు హఠాత్తుగా.

తెలిసిపోయిందనుకున్నాను, ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది.

"గ్లాసులు నేనే ఎంచుతానన్నావ్ కదా, అప్పుడే అర్థమవాల్సింది నాకు. ముగ్గుర్నీ పంపేసి నన్నొక్కణ్ణే చిన్న కొలిమి పెట్టుకోమన్నావ్. తప్పేం లేదమ్మా. చాలామంది అలాగే నిలబడ్డారు. నాకు చెప్తే విననని గ్లాసులతో చెప్పావ్." తొక్క బల్ల మీద పెట్టాడు. "నాది అక్కడ వదిలేశావ్ చూడు. నేనింకా చేయగలనని ఈ ఇంట్లో నువ్వొక్కదానివే అనుకున్నావ్. అది నేను మర్చిపోను. కానీ దనీలోని ఎదురుగా పెట్టుకుని నేనెలా తాగుతాను, చెప్పు."

రంగు కలవలేదు నాన్నా, అంతే. మూడు మాటలు. నాలిక చివర ఉన్నాయి. పండగ నుంచీ రోజూ పొద్దున్న ఆ మూడు మాటలతోనే లేస్తున్నాను. నాన్న సగం నారింజ నా వైపు జరిపాడు.

"అవును నాన్నా" అన్నాను.

నారింజ తిన్నాం. కాసేపటికి నేనే అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"నీ గ్లాసు ఆ రంగు ఎందుకు చేసుకున్నావ్?"

"నేనెక్కడ చేసుకున్నానే" అని నవ్వాడు, పండగ తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. "మేస్త్రీ చివర తీసుకుంటాడు. ముందు వాళ్ళకి కావాల్సిన రంగు వాళ్ళు తీసుకుంటారు. అడుగున అన్నీ కలిసిపోయి ఏది మిగిలితే అది మేస్త్రీకి. మీ తాతకి ఆ రోజు అదృష్టం, నీలం మిగిలింది."

లేచి సింకు పక్కనున్న తన గ్లాసు తెచ్చి నా ముందు పట్టాడు, కాసిన్ని మంచినీళ్ళు పొయ్యమని. జగ్గు ఎత్తి పోశాను. ఆ రంగులో లోపల నీళ్ళు ఎంతదాకా వచ్చాయో కనపడదు. చూస్తూనే పోశాను, ఆయన వేళ్ళ మీదుగా పొంగి బల్ల మీద పడేదాకా పోశాను.

"చాల్లే తల్లీ" అన్నాడు నాన్న. "నిండింది."